చెయిర్‌లిఫ్ట్ మీద వదిన ఫోటో

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, వర్జీనియాలో, హెర్న్‌డన్‌లో మా వంటింట్లో కాఫీ కలుపుకుంటూ ఉండగా మా మేనకోడలు ఫోన్‌కి ఒక ఫోటో పంపింది. గడ్డి మీద వరసగా పడుకోబెట్టిన ఇనప కుర్చీలు. ఒక్కొక్కటీ ఇద్దరు కూర్చునే వెడల్పు. వీపు పలకల మీద ఆకుపచ్చ రంగు పెచ్చులుగా లేచి ఉంది. తాడుకి తగిలించే వంపు కడ్డీలన్నీ ఒకే వైపుకి వాలి ఉన్నాయి. పెళ్లి అయిపోయాక షామియానా వాళ్లు తీసుకెళ్లడానికి పేర్చిన సామాను గుర్తొచ్చింది నాకు. ఫోటో కింద ఒక వాయిస్ మెసేజ్. "అత్తా, లిఫ్ట్ తీసేస్తున్నారు. నాన్న రోజూ వెళ్లి చూస్తున్నారు. లైబ్రరీలో ఓల్డ్ ఫోటోస్ అన్నీ వాల్ మీద పెడుతున్నారు కదా, అమ్మతో ఉన్న ఫోటో ఇస్తానని నాన్న ప్రామిస్ చేశారు. అది నీ దగ్గర ఉంది అంట. సాటర్డే వచ్చేటప్పుడు తెస్తావా?" ఆ పిల్ల ఇక్కడే పుట్టి పెరిగింది. తెలుగు వాక్యాన్ని తడి మెట్లు దిగినట్టు ఒక్కొక్క మాటా చూసుకుంటూ పలుకుతుంది. నేను మెసేజ్‌ని రెండుసార్లు విన్నాను. కాఫీ చల్లారిపోయింది. ఆ ఫోటో నా దగ్గర లేదు. ఉన్నది అందులో ఒక ముక్క. ఆ సంగతి ఏడేళ్లుగా మావాళ్లలో నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

మా అన్నయ్య స్కీ లిఫ్ట్ మెకానిక్. ఈ మాట చెప్పినప్పుడల్లా మనవాళ్లు మర్యాదగా కాసేపు ఆగి, "అంటే ఏ కంపెనీ అండీ?" అని అడిగేవాళ్లు. కంపెనీ కాదు, కొండ. పెన్సిల్వేనియా ఉత్తరాన ఒక చిన్న ఊరు, ఆ ఊరికి ఒక మంచు కొండ. చలికాలంలో జనం కాళ్లకి పొడవాటి పలకలు బిగించుకుని పైనుంచి జారతారు. జారాలంటే ముందు పైకి చేరాలి కదా, అందుకు లిఫ్ట్. కొండ కింద నుంచి కొసదాకా టవర్లు, టవర్ల మీద చక్రాలు, చక్రాల మీద ఆగకుండా తిరిగే ఉక్కు తాడు, ఆ తాడుకి వేలాడే కుర్చీలు. అన్నయ్య చదివింది మెకానికల్. మొదటి ఉద్యోగం కొత్తగూడెం వైపు బొగ్గు గనుల దగ్గర. బొగ్గు తీసేశాక లోపల మిగిలే ఖాళీని ఇసుకతో నింపాలి. ఆ ఇసుక గోదావరి నుంచి తొట్లలో, ఉక్కు తాడుకి వేలాడుతూ అడవి మీదుగా వచ్చేది. ఆ తాడు బాగోగులు చూడటం ఆయన పని. తరవాత అమెరికా వచ్చి ఒక ఫ్యాక్టరీలో చేరాడు. అది మూతపడింది. కొండ దగ్గర మెకానిక్ కావాలన్న కాగితం కిరాణా కొట్టు తలుపు మీద చూసి నేరుగా వెళ్లాడట. నీకేం వచ్చని వాళ్లు అడిగితే, తాడు మీద ఇసుక మోయించాను, మనుషులు ఇసుక కన్నా తేలిక అని చెప్పాడట. మర్నాడు పొద్దున్నే రమ్మన్నారు. ఇరవై తొమ్మిదేళ్లు అక్కడే ఉండిపోయాడు.

లిఫ్టుల చరిత్ర అంటే ఆయనకి పిచ్చి. మనం వద్దన్నా చెప్పేవాడు. మొదట్లో ఇదంతా ఏమీ లేదట. ఎవరి మేత బీడులోనో పాత కారు ఒకటి నిలబెట్టి, దాని వెనక చక్రానికి తాడు చుట్టి తిప్పేవాళ్లట. జనం ఆ తాడు పట్టుకుని పైకి ఈడ్పించుకునేవాళ్లట. చేతి తొడుగులు ఒక్క చలికాలానికే అరిగిపోయేవట. తరవాత రైలు కంపెనీలో పనిచేసే ఇంజినీరు ఒకాయనకి, అంతకు ముందెప్పుడో ఓడలోకి అరటిగెలలు ఎక్కించడానికి చూసిన కొక్కేల తాడు గుర్తొచ్చి, గెల బదులు మనిషిని కూర్చోబెడితే ఏమవుతుందన్న ఆలోచన పుట్టిందట. అలా వచ్చింది కుర్చీ. మొదటి కుర్చీలు ఒక్కరికే. చలికి ఎక్కేవాళ్లకి కింద దుప్పటి ఇచ్చి పైన తీసుకునేవాళ్లు. అలాంటి ఫోటోలు అన్నయ్య దగ్గర అట్టపెట్టెల నిండా ఉండేవి. ఊళ్లో ముసలివాళ్లెవరైనా పోతే, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పిల్లలు సెల్లార్‌లో దొరికిన పాత ఫోటోలు తెచ్చి ఆయన చేతిలో పెట్టేవాళ్లు. దుప్పటి కప్పుకుని గాల్లో ఒంటరిగా కూర్చున్న ఆడవాళ్లు, టోపీలు తీసి ఊపుతున్న మగవాళ్లు, ఎవరెవరో. ఆయన మాత్రం మొహాలు చూసేవాడు కాదు. కుర్చీ వంపు చూసి, తాడుని పట్టే క్లాంపు చూసి ఆ ఫోటో ఏ కాలానిదో చెప్పేవాడు. "మొహం చూసి ఏం తెలుస్తుందే? అన్ని కాలాల్లోనూ జనం ఒకేలా ఉంటారు," అనేవాడు.

వదినది తెనాలి. అరటిగెలల కథ విన్నప్పుడు ఆమె కాసేపు ఆలోచించి, "నేనేం గెలనా అండీ వేలాడ్డానికి?" అంది. ఆ మాట మీదే ఇరవై ఏళ్లు నిలబడింది. ఎత్తంటే ఆమెకి భయం. వేళాకోళంగా చెప్పుకునే భయం కాదు. రెండో అంతస్తు బాల్కనీలో బట్టలారెయ్యాల్సి వస్తే గోడకి వీపు ఆనించి, తల పక్కకి తిప్పుకుని విసిరేది. కొండ కింద క్యాంటీన్‌లో సూప్ వడ్డించే పని చేసేది కాబట్టి రోజూ ఆ లిఫ్ట్ కళ్లెదురుగానే తిరుగుతుండేది. అయినా ఒక్కసారీ ఎక్కలేదు. అన్నయ్య మాత్రం రోజూ జనం రాకముందే మొదటి కుర్చీలో ఒక్కడే పైకి వెళ్లేవాడు. అది అక్కడి పద్ధతి. మెకానిక్ ముందు ఎక్కి, తల వెనక్కి వాల్చి, ప్రతి టవర్ దగ్గరా చక్రాల చప్పుడు వినాలి. ఏ చక్రమైనా కీచుమంటే ఫోటో తీసుకునేవాడు. మెడలో ఎప్పుడూ ఒక కెమెరా. ఇంటికొచ్చి ఆల్బమ్ తెరిస్తే పేజీలకి పేజీలు చక్రాలు. నేను వెళ్లినప్పుడల్లా వదిన ఆ ఆల్బమ్ తెచ్చి నా ఒళ్లో పెట్టేది. "చూడు తల్లీ, మీ అన్నయ్య సంసారం. ఇదిగో పెద్దచక్రం, ఇదిగో చిన్నచక్రం. నేనెక్కడున్నానో వెతికిపెట్టు, నీకు పాయసం చేసిపెడతా."

నేను విజయవాడలో ఒక తెలుగు దినపత్రిక డెస్క్‌లో వార్తలు దిద్దుతూ, పేజీలు కూరుస్తూ పధ్నాలుగేళ్లు పనిచేశాను. ఇక్కడికి వచ్చాక వర్జీనియాలో ఒక కౌంటీ పత్రికకి పేజీలు పెట్టాను. ఒక అక్టోబరులో నాలుగు రోజుల సెలవు దొరికి అన్నయ్య వాళ్లింటికి వెళ్లాను. ఇంకా మంచు పడలేదు. కొండంతా ఎర్రటి ఆకులు. ఆయన మర్నాడు సీజను ముందరి తనిఖీకి లిఫ్ట్ నడుపుతున్నానంటే, నేనూ వస్తానన్నాను. పొద్దున్నే ముగ్గురం కొండ కిందికి చేరాం. నేను ఊరుకోలేక, "వదినా, ఆయన రోజూ పైకి వెళ్లి ఏం చేస్తాడో నీకెప్పుడూ అనుమానం రాలేదా?" అన్నాను. వదిన స్వెటర్ గుండీలు పెట్టుకుంటూ, "ఆడపడుచు వచ్చిందంటే అగ్గి రాజేసినట్టే," అంది. తరవాత అన్నయ్య వైపు తిరిగింది. "పైన ఏముందండీ నిజంగా?" "చక్రాలు," అన్నాడాయన. "అవి చూడ్డానికే ఇన్నేళ్లుగా పొద్దున్నే నా పక్కలోంచి లేచిపోతున్నారా? పదండి, చూస్తాను. మధ్యలో ఆపారో, అక్కణ్ణుంచి దూకి మీ మీదే పడతా." ఆమె అలా అని నిజంగానే వెళ్లి, కుర్చీ ఎక్కేచోట గీసిన గీత మీద నిలబడింది. అన్నయ్య గబగబా వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాడు. కుర్చీ వెనక నుంచి వచ్చి మోకాళ్లని తాకింది. ఇద్దరూ పైకి లేచారు. వాళ్ల వెనక కుర్చీలో నేను. దారి పొడవునా నాకు కనిపించింది రెండు తలలు, గాలికి ఎగిరే చీర కొంగు, అంతే. వాళ్ల మాటలు చక్రాల చప్పుడులో కలిసిపోయాయి.

పైన ముసలి మెకానిక్ ఒకాయన కాచుకుని ఉన్నాడు. అన్నయ్యకి పని నేర్పిన అమెరికన్. చివరి టవర్ చక్రాలు వరసలో ఉన్నాయో లేదో ఎదురుగా నిలబడి తీయమని అన్నయ్య తన కెమెరా ముందే ఆయనకి ఇచ్చి ఉంచాడు. ఆయన చక్రాలని వదిలేసి మనుషుల్ని తీశాడు. మా అన్నయ్య జీవితంలో చెయిర్‌లిఫ్ట్ మీద కూర్చుని దిగిన ఫోటో అదొక్కటే. వదినా ఆయనా కలిసి అలా ఒక కుర్చీలో ఉన్నదీ అదొక్కటే. నేను తరవాత ఆల్బమ్‌లో చూశాను. చక్రాల పేజీల మధ్య ఆ ఒక్కటి. వదిన నోరారా నవ్వుతోంది. పళ్లన్నీ కనిపిస్తున్నాయి. కొప్పులోంచి జుట్టు రేగి మొహం మీద పడింది. డెస్క్ అలవాటుకొద్దీ నా కళ్లు మొహం దగ్గరే ఆగాయి. పక్కన ఏముందో, కింద ఏముందో చూసినట్టు గుర్తులేదు.

ఏడేళ్ల కిందట ఫిబ్రవరిలో వదిన పోయింది. గుండె. ఎవరూ ఏమీ చేసే వ్యవధి లేకపోయింది. పదకొండో రోజుకి దండ వేసే ఫోటో కావాలి. ఇల్లంతా వెతికితే దొరికినవి పాస్‌పోర్ట్ ఫోటో, గ్రీన్‌కార్డ్ ఫోటో. గ్రీన్‌కార్డ్ దాంట్లో వదిన నేరం ఒప్పుకున్న మనిషిలా ఉంది. మేనకోడలు ఆల్బమ్ తెచ్చి నా ముందు పెట్టింది. నేను ఆ ఒక్క ఫోటో తీసి, "అన్నయ్యా, ఇది తీసుకెళ్లి పెద్దది చేయిస్తాను, మళ్లీ తెచ్చి పెడతాను," అన్నాను. ఆయన దాని వైపు చూడనైనా చూడలేదు. "సరే," అన్నాడు. అయితే ఆ ఫోటోలో అన్నయ్య కూడా ఉన్నాడు. బతికున్న మనిషి ఉన్న ఫోటోకి దండ వెయ్యకూడదు. మా అమ్మ ఉంటే ఆ మాట ఎవరూ గుర్తుచేయక ముందే అనేది. ఇక నేను చేసింది చెప్పాలి. పత్రికలో ఫోటోని ఎక్కడ తెంపాలో వెనక పెన్సిల్‌తో గీత గీసి పంపడం పద్ధతి. హడావిడి రోజుల్లో మేం కత్తెరే వాడేవాళ్లం. ఎవరో పెద్దమనిషి పోయాడని పేజీ అచ్చుకి వెళ్లిపోయే ముందు కబురొస్తుంది. పెళ్లి గ్రూపు ఫోటో ఒకటి దొరుకుతుంది. అందులోంచి మొహం ఒక్కటీ సింగిల్ కాలమ్‌కి కత్తిరించాలి. నా చేతికి ఆ పని ఎంత అలవాటంటే, ఆ పొద్దున అన్నయ్య వాళ్ల డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, వంటింటి కత్తెర తీసుకుని, నిలువుగా రెండు గీతలు, అడ్డంగా రెండు గీతలు కత్తిరించి, మిగిలిన ముక్కలు చెత్తబుట్టలో వేసి లేచాను. డెస్క్‌లో ఎప్పుడూ అదే చేసేదాన్ని.

న్యూజెర్సీలో, ఐసెలిన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద ఫోటోలు పెద్దవి చేసే కొట్టు ఉంది. అక్కడి కుర్రాడు, మనవాడే, ఆ ముక్కని వేళ్ల మధ్య పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అయ్యో ఆంటీ, ఎందుకు కట్ చేశారు? మొత్తం ఇచ్చి ఉంటే స్కాన్ చేసి కంప్యూటర్‌లో క్రాప్ చేసేవాణ్ణి కదా. మిగతాది ఉందా?" అప్పుడు తెలిసింది నాకు నేనేం చేశానో. ఎలా డ్రైవ్ చేశానో తెలియదు. వెనక్కి వచ్చేసరికి ఇంటి ముందు చెత్త డబ్బా ఖాళీగా, మూత తెరుచుకుని ఉంది. ఆ రోజు చెత్త బండి వచ్చే రోజు. తరవాత వారం నెగెటివ్‌ల కోసం కొండ ఆఫీసుకి ఫోన్ చేశాను. అన్నయ్య తన రీళ్లన్నీ పని కాగితాలతో పాటు అక్కడే దాచేవాడు. కొండ చేతులు మారినప్పుడు సెల్లార్ అంతా ఖాళీ చేశారట. పదకొండో రోజున దండ వేసిన ఫోటోలో వదిన అందంగా నవ్వుతోంది. వచ్చినవాళ్లు, "ఎంత బాగా నవ్వుతున్నారో," అన్నారు. అన్నయ్య అందరికీ తల ఊపాడు. అప్పుడు చెప్పాల్సింది. మనిషి అంత దుఃఖంలో ఉంటే ఎలా చెబుతామనుకున్నాను. నెలమాసికం అయ్యాక చెబుదామనుకున్నాను, సంవత్సరీకం అయ్యాక అనుకున్నాను. ఆయన ఎప్పుడూ అడగలేదు. అడగని మనిషికి చెప్పడం రోజురోజుకీ కష్టమవుతుంది.

శనివారం నాలుగున్నర గంటలు డ్రైవ్ చేసి వెళ్లాను. ఆ ముక్క ఒక కవరులో నా హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంది. అన్నయ్య ఇంట్లో లేడు, కొండ దగ్గరున్నాడని మేనకోడలు చెప్పి నన్ను అక్కడికి తీసుకెళ్లింది. టవర్లు ఇంకా నిలబడే ఉన్నాయి కానీ తాడు లేదు. తాడు లేకపోతే అవి దేనికి ఉన్నాయో కొత్తవాళ్లెవరికీ అర్థం కాదు. అన్నయ్య గడ్డి మీద కుర్చీల వరస పక్కన నిలబడి ఒక కడ్డీని చేత్తో రుద్దుతున్నాడు. డెబ్బై ఆరేళ్లు. జాకెట్ వదులైపోయింది. "వచ్చావా? తెచ్చావా?" అన్నాడు. "లైబ్రరీ ఆవిడ నన్ను పట్టుకుంది. ఊరందరి ఫోటోలూ ఇచ్చావు, నీదేదీ అంటుంది. ఒకటుంది, మా చెల్లి దగ్గర భద్రంగా ఉందని చెప్పా." ఆ 'భద్రంగా' అన్న మాట దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. నిలబడే చెప్పాను. కత్తెర, డైనింగ్ టేబుల్, చెత్త బండి, నెగెటివ్‌లు, అంతా. మేనకోడలు, "అత్తా!" అంది ఒక్కసారి. అన్నయ్య నా వైపు చెయ్యి చాచాడు. కవరు తీసుకుని, ముక్క బయటికి తీసి, ఎండ పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టి చూశాడు.

"ఎంతవరకు తెంపావు?" అన్నాడు చివరికి. "అయితే చెయ్యి లేదన్నమాట."

"ఏ చెయ్యి?"

"మీ వదిన చెయ్యి." ఆయన నన్ను చూడలేదు. "నన్ను తీసేశావు, సరే. నా మొహం రోజూ అద్దంలో చూస్తూనే ఉన్నా. చెల్లీ, నువ్వు దీన్ని నవ్వు అనుకున్నావు కదా?"

నేను తల ఊపాను.

"అందరూ అలాగే అనుకున్నారు. ఏడేళ్ల నుంచి ఎవరొచ్చినా ఎంత బాగా నవ్వుతున్నారో అంటారు. నేనూ అవునండీ అంటా. అది నవ్వు కాదే. అరుస్తోంది. 'ఏమండీ ఆపండీ, ఆపండీ' అని. నా జబ్బ పట్టుకుంది. ఎంత గట్టిగా అంటే జాకెట్ గుండీ తెగి కింద పడింది. ఫోటోలో ఆ చెయ్యి చూస్తే తెలిసిపోతుంది. వేళ్లు తెల్లగా పాలిపోయి ఉంటాయి." ఆయన వేలితో ముక్క అంచు తడిమాడు. "నవ్వుతూ వచ్చిందంటే ఏముంది, షికారు. నేను రోజంతా ఏం చేస్తానో చూడ్డానికి ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని వచ్చింది. ఒక్కసారి. అందరికీ ఆ మాట నేనేం చెప్పను? ఆ చెయ్యి చెప్పేది."

 మేనకోడలు పాపం ఏదో ఒకటి చెయ్యాలని, "నాన్నా, ఈ పీస్ స్కాన్ చేసి ఏఐలో పెడితే మిగతాది జెనరేట్ చేస్తుంది. చెయిర్, నువ్వు, అమ్మ హ్యాండ్, అన్నీ వస్తాయి," అంది.

"వస్తుందమ్మా," అన్నాడు అన్నయ్య, కోపం లేకుండా. "ఎవరి చెయ్యి వస్తుంది?"

ఆ పిల్ల తండ్రి భుజం మీద తల పెట్టి, "సారీ నాన్నా," అంది.

నేను హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పెన్ను తీశాను. "అన్నయ్యా, నువ్వు చెప్పు, నేను రాస్తాను. ఫోటో లేకపోయినా ఆ రాసిందే గోడ మీద పెట్టమందాం," అన్నాను. వేల ఫోటోల కింద రెండేసి వరసలు రాసిన మనిషిని, ఆ మాత్రం చేయగలననుకున్నాను. ఆయన ఒప్పుకున్నాడో లేదో తెలియదు గానీ గడ్డి మీది కుర్చీల్లో ఒకదాన్ని మేనకోడలి సాయంతో నిలబెట్టి అందులో కూర్చున్నాడు. "రాసుకో. వెనకాల పదకొండో టవర్. ఆకాశం మబ్బుగా ఉంది. మీ వదిన స్వెటర్ నీలం," అన్నాడు. నేను ముక్క వైపు చూశాను. భుజం దగ్గర వేలెడంత కనిపిస్తోంది. మెరూన్. "మెరూన్ అన్నయ్యా," అన్నాను మెల్లగా. "అవునా? సరే, మెరూన్. ఎడం చేత్తో పక్క కడ్డీ పట్టుకుని ఉంది. కుడి చేత్తో నన్ను..." అక్కడ ఆగాడు. కుర్చీలో ఇటు నుంచి అటు జరిగాడు. "నేను ఇటు కదా కూర్చుంది. ఇటైతే తను ఎడం చేత్తో పట్టుకోవాలి. కాదు, అటు కూర్చున్నానేమో. నువ్వు వెనకే ఉన్నావు కదా, నేను ఎటు కూర్చున్నానే?" నాకు రెండు తలలు గుర్తున్నాయి. ఏ తల ఎటు ఉందో గుర్తులేదు. ఆయన మళ్లీ ఇటు జరిగాడు, మళ్లీ అటు జరిగాడు, తన రెండు జబ్బలూ మార్చి మార్చి తడుముకున్నాడు, ఏ జబ్బ మీద నొప్పి పుట్టిందో అదైనా చెబుతుందేమోనని. కత్తెరకి పట్టింది అర నిమిషం. అది వదిలిపెట్టిన మిగతా సగం అన్నయ్య జ్ఞాపకంలో ఉండేది, నేను నోరు విప్పకుండా గడిపిన ఏడేళ్లు దాన్నీ తీసుకెళ్లాయి.